చాటెడు తవుడుకు అమ్మిన పిల్ల

పాలు పోసేవాళ్లను ఊరంతా అనుమానిస్తుంది. మా లాల్‌దర్వాజాలో బర్రెలు పెట్టుకుని బతికిన బుచ్చమ్మ మాత్రం ఊరినంతా అనుమానించేది. ఎవరైనా పాలు బాగున్నాయంటే చాలు, ఎందుకన్నారా అని ఆ పూటంతా గొణిగేది. మేం నవ్వేవాళ్లం గానీ, ఆమె భయానికి కారణం లేకపోలేదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయారు. అందుకే చివరి కాన్పులో ఆడపిల్ల పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటి రుక్మాబాయికి చాటెడు తవుడుకు అమ్మేసింది. అట్లా అమ్మేసిన పిల్ల జోలికి చావు రాదని మావాళ్ల నమ్మకం. పేరు పెంటమ్మ అని పెట్టారు. అమ్మినా, పెంచింది బుచ్చమ్మే. అయితే అందరిలా ఉత్తుత్తి అమ్మకంతో ఆగలేదు ఆ మహాతల్లి. పిల్ల చేత తనను అత్తా అనీ, పిల్లలు లేని రుక్మాబాయిని అమ్మా అనీ పిలిపించింది. ఎవరడిగినా తన బిడ్డ అని చెప్పేది కాదు.

యుద్ధం రోజుల్లో ప్రకాశం అనే ఆయన కాలేజీ తరఫున మా గల్లీకి వచ్చాడు. బస్తీ జనం ఎట్లా బతుకుతున్నారో వాళ్ల నోటితోనే విని రాసుకుంటాడట. పిల్లలెందరని అడిగితే బుచ్చమ్మ లేరంది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి అదే అడిగాడు.

"మొన్ననే చెప్పిన గద బాపు! మల్ల అడుగుడేంది?"

"ఒక్కపారి మాట్లాడితే మనిషి సంగతి తెలవదమ్మా. అందుకే అందరి తానికి మల్ల మల్ల పోతున్న."

ఆ జవాబుతో ఆమె అనుమానం ఇంకా ముదిరింది. లేరన్న పిల్లల గురించి రెండోసారి అడిగేవాడు మంచివాడెట్లా అవుతాడు? ఆయన గడప దిగీ దిగకముందే పెంటమ్మకు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది.

అటునుంచి ఆయన రుక్మాబాయి ఇంటికి పోయాడు. బుచ్చమ్మ గోడకు చెవి ఆనించింది. మొదటిసారి రుక్మాబాయి, అనుకున్న మాట నిలబెట్టడానికి, ఒక్కతే బిడ్డ అని చెప్పి ఊరుకుంది. ఈసారి ఊరుకోలేదు.

"ముసురు పట్టిన దినం పుట్టింది. నొప్పులు మస్తు తీసిన. బతుకుతననుకోలే."

ఆ ముసురూ, ఆ నొప్పులూ బుచ్చమ్మవి. ఆనాటి నుంచి కాలేజీ ఆయన్ని వదిలేసి రుక్మాబాయిని కనిపెట్టడం మొదలుపెట్టింది. పిల్లకు జడ వేసినా అనుమానమే, బెల్లం ముక్క పెట్టినా అనుమానమే. కాలేజీ ఆయన అడగగా అడగగా ఆ అబద్ధం రుక్మాబాయికి నిజమైపోయిందని నాకనిపిస్తుంది.

ప్రకాశం మూడోసారి వచ్చినప్పుడు రుక్మాబాయి అరుగు మీద కూర్చుని, "మేం కిషన్‌బాగ్‌కు ఇల్లు మారుతున్నం. బిడ్డను ఆడ బళ్లె ఏస్త" అంది. అది విని బుచ్చమ్మ పేడచేతులతోనే ఉరికొచ్చింది.

"ఎవల బిడ్డనే నువ్వు తీస్కపోయేది?"

"నా బిడ్డనే. అందరికి నువ్వే చెప్పినవ్ గద" అంది రుక్మాబాయి మెల్లగా.

ప్రకాశం తికమకపడ్డాడు. "పిల్లలు లేరని నాకు సుత చెప్పిన్రు గదమ్మా?"

నిజం పైకి అంటే చావు వింటుంది. అనకపోతే పిల్ల కిషన్‌బాగ్ పోతుంది. బుచ్చమ్మ ఒకసారి రుక్మాబాయినీ, ఒకసారి ఆమె పక్కనున్న పిల్లనూ చూసింది.

"నాదే! నా కడుపుల పుట్టింది. ఏ దేవుడు ఇంటడో ఇననీ!" అని అరిచి పిల్లను లాక్కుని కావిలించుకుంది.

పెంటమ్మ గింజుకుని ఆ చేతుల్లోంచి బయటపడింది. బుచ్చమ్మ ముఖంలోకి అనుమానంగా చూసింది. తర్వాత పోయి రుక్మాబాయి కొంగు పట్టుకుంది.

"అమ్మా, అత్త నిజమే చెప్తున్నదా?"