మొక్గలోలో ఎవరికీ రాని పని

మా ఊరు మొక్గలో. ఇక్కడి మగవాళ్ళు దేన్నైనా ఒప్పుకుంటారు. తాగామని ఒప్పుకుంటారు, పెళ్ళాం చేత చీవాట్లు తిన్నామనీ ఒప్పుకుంటారు. పశువుల సంగతి తెలియదని మాత్రం తల తీసి అక్కడ పెట్టినా ఒప్పుకోరు. బోత్స్వానా అంతటా ఉన్న జబ్బే ఇది, మా ఊళ్ళో కాస్త ముదిరింది. దాని పుణ్యమా అని వేజీ గోండ్వే కొంప మునగబోయింది.

వేజీది మలావీలో ఉత్తరాన ఒక కొండ ఊరు. పశువైద్యం చదవడానికి మా రాజధాని గబరోన్ వచ్చింది. ఆఖరి ఏడు శిక్షణకని మా ఊరికి పంపారు. వచ్చిన కొత్తలో ఆమె మా భాష మాట్లాడే తీరుకు నవ్వని వాళ్ళు లేరు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది, మర్నాడు అదే మాట సరిగ్గా పలికి చూపించేది. సన్నటి పొడుగాటి చెయ్యి ఆమెది. అడ్డం తిరిగిన దూడను కడుపులోనే సర్ది, తల్లికి దెబ్బ తగలకుండా బయటికి తీయడంలో అందె వేసిన చెయ్యి. వానలు వెనకబట్టేసరికి, ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఎవరైనా ముందు వేజీనే పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన సంగతి మాత్రం పక్కింటివాళ్ళకు చెప్పేవారు కాదు.

పట్టా చేతికొచ్చింది. దాంతోపాటే చదువు వీసా గడువూ దగ్గరపడింది. మా పశువుల సంఘం వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. అయితే పని వీసా రావాలంటే ఆ పని చేయగల మనిషి ఇక్కడివాళ్ళలో దొరకలేదని తేలాలి. నెలాఖరులోగా తేలకపోతే వేజీ పెట్టె సర్దుకోవలసిందే. దరఖాస్తు చూసే అధికారి విచారణకు వస్తానని కబురు పెడితే, మా ఊరి పెద్ద అడిగేదేదో క్గోట్లాలో, అంటే ఊరి సభ జరిగే చోట, అందరి ముందూ అడగమన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే.

వేజీ అద్దెకున్న ఇంటావిడ పేరు బొయిపెలో, నోరున్న మనిషి. సభకు ముందే ఇల్లిల్లూ తిరిగి, అధికారి అడిగితే ఎవరూ లేరని చెప్పి ఊరుకోమని అందరికీ నూరిపోసింది. అందరూ తలలూపారు. ఈ పిల్ల వెళ్ళిపోతే మన గతేమిటని కొందరు నిజంగానే బెంగపడ్డారు. దాంతో బొయిపెలోకు కొండంత ధైర్యం వచ్చింది.

సభనాడు ఆవిడ తన శాలువాను వేజీకి కప్పి, ఆడవాళ్ళ వైపు తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవరేమన్నా నోరు విప్పొద్దని గట్టిగా చెప్పింది. "నీ సంగతి నువ్వే మాట్లాడుకుంటే బాగోదు తల్లీ. ఆడపిల్ల తరఫున మేనమామ మాట్లాడాలి, అది పద్ధతి. నీకిక్కడ మేనమామ లేడు, ఊరే మాట్లాడుతుంది. నువ్వు తల దించుకుని కూర్చో చాలు."

అధికారి టై కట్టుకున్న మర్యాదస్తుడు. ఊరి పెద్దకు దండం పెట్టి, సంఘం చెప్పిన పని ఏమిటో చదివి వినిపించి, అది చేయగలవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. కుర్చీల్లో మగవాళ్ళంతా నేల చూపులు చూశారు. బొయిపెలో సంతోషంతో వేజీ మోకాలు నొక్కింది. ఆయన అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆశ్చర్యం పట్టలేక ఇంకో మాట అన్నాడు.

"ఇన్ని మందలున్న ఊళ్ళో ఆవుకి పురుడు పొయ్యగల మగాడు ఒక్కడూ లేడా?"

అంతే. ముందు వరసలో ఒకాయన దగ్గాడు. లేకేమండీ, నేను పుట్టిందే దొడ్లో అన్నాడు. ఆయన బావమరిది వెంటనే లేచి, బావకు ఆ విద్య నేర్పింది తానేనన్నాడు. మూడో ఆయన ఆ ఇద్దరినీ కాదన్నాడు. చూపు ఆనని ముసలాయన ఒకడు, కళ్ళతో పనేముంది, చేత్తో తడిమి చెప్పేస్తానన్నాడు. చూస్తుండగానే ఆరుగురు లేచారు. వాళ్ళందరి దొడ్లూ వేజీకి తెలుసు. దొడ్లో పుట్టినాయన, ఆవు అరుపులు వినలేక చెవులు మూసుకుని గుడిసె వెనక కూర్చోవడం కూడా తెలుసు. బొయిపెలో తలగుడ్డ మొహం మీదికి లాక్కుంది.

అధికారి ఆరు పేర్లూ రాసుకున్నాడు. ఇంతమంది ఉండగా బయటి మనిషి అవసరం తనకు కనబడటం లేదన్నాడు. అన్నది న్యాయమే. వేజీకి ఏడుపు ముంచుకొచ్చింది. నోటి నిండా గొప్పలే ఉన్న ఈ ఊరిని తాను ఇంత ఇష్టపడుతున్నానని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

అప్పుడు చోసా లేచాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద మంద ఆయనదే, మందను మించిన బడాయి కూడా ఆయనదే. వేజీని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, ఆ మలావీ పిల్ల అనేవాడు. ఇక ఏడో పేరు పడినట్టే అనుకున్నారు జనం. చోసా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కరువేడు నా నల్లావు పోయింది కదా. పాము కరిచిందని చెప్పాను. పామూ లేదు, పాడూ లేదు. దూడ అడ్డం తిరిగింది. నాకు తెలుసులే అని లాగాను. తల్లీ పోయింది, దూడా పోయింది. నా చెయ్యే చంపింది."

ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య, "అది మా అమ్మ ఇచ్చిన ఆవు," అంది. గట్టిగా అనలేదు, అయినా అందరికీ వినబడింది.

"నీకు చెప్పడానికి మొహం చెల్లలేదే," అన్నాడు చోసా, ఆమె వైపు చూడకుండా.

మళ్ళీ అధికారిని చూశాడు. ఈ ఏడు దాని చెల్లెలికీ అదే కష్టమొస్తే ఈ పిల్లను పిలిచానని, రెండు ప్రాణాలూ నిలబెట్టిందని చెప్పాడు. తర్వాత కుర్చీల వైపు తిరిగాడు. "పేర్లు రాయించుకున్న దొరలూ, నా ఎర్రావు నేడో రేపో ఈనుతుంది. ఎవరొస్తారో రండి. పోయిందంటే మాత్రం ఆవుకి ఆవు ఇచ్చుకోవాలి."

దొడ్లో పుట్టినాయనకు నడుము నొప్పి గుర్తొచ్చింది. ఆయన బావమరిది, నేర్పడం వేరు చెయ్యడం వేరు అన్నాడు. ముసలాయన తనను ఎవరు లేవదీశారని పక్కవాళ్ళ మీద విసుక్కున్నాడు. ఒక్కొక్క పేరే కొట్టేస్తూ అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరికి, ఈ అమ్మాయికి మీరేమవుతారని చోసాను అడిగాడు.

"మేనమామని," అన్నాడు చోసా చిరాగ్గా. "ఎవరో ఒకరు ఉండాలి కదా. రాసుకోండి."

నెలాఖరు కాకుండానే పని వీసా వచ్చింది. బొయిపెలో మేకను కోయించింది. జొన్న సంకటి వండింది. తలకాయ మేనమామ హక్కు కాబట్టి దాన్ని చోసా ముందు పెట్టారు. ఆయన మొహమాటపడలేదు, ఎవరికీ ముక్క పెట్టలేదు. వేజీ తల్లికి ఫోను చేసింది. తల్లి ఏడ్చింది, నవ్వింది, దేవుడికి దండం పెట్టుకుంది. అంతా అయ్యాక, నీ తరఫున ఎవరు మాట్లాడారే అని అడిగింది.

"మామయ్య."

వేజీ తల్లికి తోడబుట్టిన మగవాళ్ళు లేరు.

"నాకు అన్నెక్కడున్నాడే?"

"ఇక్కడున్నాడమ్మా. మేక తలకాయ తింటున్నాడు."

తల్లి ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. "అయితే ఇన్నేళ్ళూ చెల్లెల్ని ఒక్కసారైనా పలకరించలేదేమని అడుగు."

వేజీ ఆ మాట మా భాషలో అడిగింది. చోసా నమలడం ఆపాడు. చేతులు తుడుచుకుని, సభలో నిలబడ్డట్టే లేచి నిలబడ్డాడు.

"తప్పేనని చెప్పు," అన్నాడు. "పశువుల గొడవలో పడి కుదర్లేదని చెప్పమ్మా వేజీ."

వేజీ తల్లికి ఆ మాట చెప్పింది, చివర ఆయన మొదటిసారి పలికిన తన పేరుతో సహా.