ల్యాబ్ బయట నల్ల బూట్లు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకే. కంప్యూటర్ తనంతట తాను ఆగిపోయిందంటే ముందు ఏ వైరు వదులైందో చూసే మనిషిని నేను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఫ్లాపీలు పోయి సీడీలు వస్తున్న రోజులు. శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఇరవై కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మూలన చెక్కలతో అడ్డుకట్టిన చిన్న గదిలో యూపీఎస్ బ్యాటరీలు. పాఠాలు, రిపేర్లు, తాళాలు, అన్నీ నావే. బయట రోడ్డు మీద ఎప్పుడూ కంకర లారీలు. దుమ్ముకి కీబోర్డులు పాడవుతున్నాయని, బూట్లు బయటే విప్పాలని రూలు పెట్టాను. ఒకసారి బూట్లతో లోపలికొచ్చిన పిల్లాణ్ణి పీరియడంతా ఎండలో నిలబెట్టాను కూడా. ఇదేమీ గొప్పకి చెప్పడం లేదు.

ఆ రూలుతో నాకో సులువు కుదిరింది. క్లాసయ్యాక పిల్లల్ని లెక్కపెట్టేవాణ్ణి కాదు. బయట స్టాండు ఖాళీ అయితే అందరూ వెళ్లిపోయినట్టే.

దసరా సెలవులకు ముందు శనివారం, ఒంటిపూట బడి. శనివారాలు పిల్లలందరికీ తెల్ల యూనిఫాం, తెల్ల బూట్లు. చివరి పీరియడ్ ఆరో తరగతిది. బెల్లు కొట్టగానే గోలగోలగా పరుగెత్తారు. స్టాండు ఖాళీగా ఉండటం నా కళ్లతో చూశాను. మెయిన్ ఆపి, తలుపుకి, గ్రిల్లుకి తాళాలు వేశాను. సికింద్రాబాద్ బస్సు అందుకోవాలని నా తొందర.

తాళం వేసి తిరిగేసరికి స్టాండు కింది అరలో ఒక జత బూట్లున్నాయి. నల్లవి, పట్టీవి, బాగా చిన్నపిల్లలవి.

వరండా తుడుస్తున్న ఆయా బాలమణి కూడా చూసింది. "గివి ఎవ్వలియి సారూ? ఇప్పుడే గా అరలు తుడిసిన, ఏం లెవ్వు. ఇటు ఎవ్వలు రాలే" అంది.

వదిలేసి పోదామనుకున్నాను. కానీ బయట బూట్లుంటే లోపల ఎవరో ఉన్నట్టేగా, నా లెక్క ప్రకారం. తిట్టుకుంటూ మళ్లీ తాళాలు తీశాను.

ల్యాబ్‌లో ఎవరూ లేరు. బ్యాటరీ గది తలుపు తోస్తే ఏదో అడ్డం తగిలింది. సందులోంచి చూస్తే ఆరో తరగతి ఎస్తేరు, నేల మీద స్పృహ లేకుండా పడి ఉంది. కిటికీ లేని గది, ఉక్క, ఆ యాసిడ్ వాసన. వరండాలోకి ఎత్తుకొచ్చాం. బాలమణి ఆ పిల్ల మొహం మీద నీళ్లు చల్లి కొంగుతో విసిరింది. కాసేపటికి కళ్లు తెరిచింది.

ఎస్తేరు బూట్లు ఎస్తేరు కాళ్లకే ఉన్నాయి. తెల్లవి.

"సాక్సులు చినిగినయ్ సార్. అందరు నవ్వుతరని బూట్లు ఇప్పలే. మీరు చూస్తే కొడ్తరని గా రూంల దాక్కున్న" అంది, ఏడుస్తూ.

సాయంత్రానికి ఇంట్లోవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారేమో. ఆ గదిలో అప్పటిదాకా బతికి ఉండేది కాదని, ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

సెలవులయ్యాక ఆ నల్ల బూట్లు పట్టుకుని ప్రతి క్లాసుకీ తిరిగాను. ఎవరివీ కావు. ఆ శనివారం నల్ల బూట్లు వేసుకొచ్చిన పిల్లలే లేరు. అంత చిన్నపిల్లలకు మా ల్యాబ్‌లో క్లాసే లేదు.

ఒక ఆదివారం ఎస్తేరు తల్లి చర్చిలో నా పేరున ప్రార్థన చేయించి, కేకు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "దేవుడే మీకు సూపెట్టిండు సార్. మీరు మస్తు మంచోళ్లు" అని చేతులు పట్టుకుంది. మీ పిల్ల నాకు భయపడే అందులో దూరిందమ్మా అని చెప్పలేకపోయాను. కేకు తీసుకున్నాను. అంత సిగ్గు జన్మలో పడలేదు.

ఆ బూట్లు ఎవరు పెట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎంత ఆలోచించినా ఒక్కటే తేలుతుంది. నేను తాళం వేసి వెళ్లిపోతున్నవాణ్ణి. ఆ పిల్ల లోపల ఉందని తెలిసినవాళ్లు ఇంకెవరో.