కొత్తపేటలో నా ఇంటర్వ్యూ

మొన్న కొత్తపేటలో నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే, మీరు నాకింక టీ పొయ్యడం మానేస్తారు!

నా సంగతి మీకు తెలుసు కదండీ. హైదరాబాదులో జర్మన్ పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. జర్మనీ వలసెళ్ళిన ముస్లిం ఆడవాళ్ళని అక్కడి సినిమాలూ నవలలూ ఎలా చూపిస్తాయీ అని. "అన్నీ పుస్తకాల్లోంచేనా? అలా వెళ్ళిన మనిషితో ఒక్కసారైనా మాట్లాడేవా? ఇంటర్వ్యూ లేకుండా థీసిస్ తేకు!" అని మా గైడుగారు చీవాట్లు పెట్టేరు.

సెలవులకి అమలాపురం వస్తే మా అమ్మ చల్లగా చెప్పింది. కొత్తపేటలో ఖైరున్నీసాగారని ఉన్నారట. ఊళ్ళో అందరూ గల్ఫ్ వెళ్తే ఆవిడ భర్తతో జర్మనీ వెళ్ళి స్థిరపడ్డారు. ఇప్పుడు పుట్టింటికొచ్చేరుగానీ, ఆ సాయంత్రమే ఆవిడ జర్మనీకి తిరుగు ప్రయాణం. ఇంకేముంది, బస్సెక్కేసేను!

ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి, "పిన్నిగారూ, అక్కడ మీకు..." అన్నానో లేదో, ఆవిడ నా చేతిలో పూతరేకు పెట్టి, "ముందు నీ సంగతి చెప్పమ్మా. ఎవరమ్మాయివి?" అన్నారు. మన వైపు పెద్దావిడ అడిగితే చెప్పకుండా ఎలాగండీ?

"హైదరాబాదు అంత దూరం ఒక్కదానివే వెళ్ళేవా? ఇంట్లో ఒప్పుకున్నారా?"

"మొదట్లో లేదండీ..."

"ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు ఏమడిగేరు?"

"మతం ఏంటీ, పెళ్ళయిందా, మాంసం వండుతారా అనండీ."

"మరి అత్తగారు? చీరే కట్టుకోమంటారా?"

అయ్య బాబోయ్, అక్కడ నాకు పట్టు తప్పిపోయింది! మా అత్తగారి గురించి అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంతవరకూ లేరు, మా ఆయనతో సహా. పైగా ఆవిడ "తర్వాతేమైందమ్మా?" అంటూ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. నేను చెప్తూనే ఉన్నాను. ఇంతలో గుమ్మంలో కారు హారను!

"పిన్నిగారూ, నా ప్రశ్నలు..."

"ఎంత బాగా మాట్లాడేవు తల్లీ!" అని బుగ్గలు పుణికి కారెక్కేసేరు.

ఇంటికొచ్చి వింటే మొత్తం నా గొంతే! ఏడుపొక్కటే తక్కువ. గైడుగారికి ఏదో ఒకటి పంపాలి కదా. రూలు ప్రకారం పేర్లూ ఊళ్ళూ తీసేసి, అడిగినావిడ, చెప్పినావిడ అని టైపు చేసి, తిట్లకి సిద్ధపడి పంపేసేను.

నిన్న ఫోను. "బ్రహ్మాండం! వలసా, మతం, ఆడదాని బట్టల మీద పెత్తనం, అన్నీ ఉన్నాయి. అడగడం కూడా బాగా నేర్చుకున్నావు!"

నిజం చెప్దామంటే ఆయన ఆపితేనా!

"ఆ చెప్పినావిడని మాత్రం వదలకు. అత్తగారి మీద ఇంకా చాలా దాచుకుంది. ఇంకోసారి కూర్చోబెట్టి అడుగు."

"ఆయ్, సార్" అన్నాను. పొద్దున్నుంచీ అద్దం ముందు కూర్చున్నానండీ. మహాతల్లి, ఒక్క ముక్క చెప్తే ఒట్టు!