కరుణ కాగితం మీది పద్దెనిమిది

2022. శ్రీకాకుళంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్‌గా చేరి అప్పటికి ఆరేళ్లు. పిల్లలకు నలుగురిలో మాట్లాడటం నేర్పడం నా ఉద్యోగం. గుండ్రంగా కూర్చోబెట్టి ‘మీ గురించి చెప్పండి’ అంటే సగం మంది నేల చూపులు చూసేవారు. ఆ బెరుకు పోగొడదామని ఆ ఏడాది శనివారం మధ్యాహ్నాలు ఒక ఆట మొదలుపెట్టాను.

దాన్ని రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, అందరూ కలిసి ఒక కథ నడుపుతారు. నేను గేమ్ మాస్టర్‌ని. అంటే కథలో ఎదురయ్యే రాణి, రాక్షసుడు, కాపలావాడు అందరూ నేనే. పాత్ర వివరాలు రాసుకునే కాగితాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. అందులో బలానికొక అంకె, తెలివికొక అంకె, మాటతో ఎదుటివాళ్లను ఒప్పించే శక్తికొక అంకె ఉంటాయి. ఈ చివరిదాని పేరు కరిష్మా. కష్టమైన పని చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. మన అంకె పెద్దదైతే పని జరిగే అవకాశం ఎక్కువ. పాయింట్లు కొన్నే ఇస్తాం కాబట్టి ఒకచోట పెంచుకుంటే ఇంకోచోట తగ్గించుకోవాలి.

కరుణ రెండో సంవత్సరం విద్యార్థిని. రామతీర్థం దగ్గర పల్లె, వాళ్లమ్మ కూలిపనికి వెళుతుంది. ఆదివారం చర్చిలో బాగా పాడుతుందని స్నేహితురాళ్లు చెప్పేవారు గానీ, నా క్లాసులో ఆ పిల్ల గొంతు ఏడాదిగా నేను వినలేదు. అలాంటిది తన పాత్రకు బలం, తెలివి అన్నీ తగ్గించుకుని కరిష్మా పద్దెనిమిది పెట్టుకుంది. అంతకు మించి పెట్టుకోవడానికి లేదు. చూసి ముచ్చటపడ్డాను కూడా.

మూడో శనివారం కథ కోట దాకా వచ్చింది. ఏరు పొంగుతోంది, ఊరి జనాన్ని కోటలోకి చేర్చాలి. దారికడ్డంగా పెద్ద బండ ఉంది. వికాస్ అని, గాలొస్తే ఎగిరిపోయేలా ఉండే కుర్రాడు, దాన్ని తోసేస్తానన్నాడు. అతని పాత్రకు బలం పదిహేడు. పాచిక వేశాడు, బండ దొర్లింది. ఇక తలుపు తియ్యమని కాపలావాణ్ణి ఒప్పించాలి. కరుణ పాచిక చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

“ఏటి బావా, అలా సూస్తన్నావు? ఎనకాల ముసిలోళ్లున్నారు, సంటి పిల్లలున్నారు. ఏరు పొంగి వస్తన్నాది. తలుపు తియ్యి, నీకు పుణ్యముంటాది.”

ఏడాదిగా పెదవి విప్పని పిల్ల అంత మాట అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ ఆ నవ్వుతో కలిసిపోయాను. కాపలావాడి గొంతు పెట్టి, “రాణిగారి కోట ముందు ఇదేం భాషమ్మా? మాట సరిచేసుకుని రా,” అన్నాను. గది గొల్లుమంది. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. ఆమెను పాచిక వెయ్యనివ్వలేదు.

తర్వాత వికాస్ లేచి, “అయ్యా, ప్రజల ప్రాణాలు మీ చేతుల్లో ఉన్నాయి. దయచేసి ద్వారం తెరవండి,” అన్నాడు. అతని కరిష్మా ఆరు. పాచిక అడక్కుండానే తలుపు తెరిచేశాను.

అందరూ వెళ్లాక కరుణ ఆగింది.

“సార్, వికాస్ బండ తోసినపుడు ఈ బల్ల ఎత్తి సూపించమని అడగనేదు గదా. మరి నన్నెందుకు నిజంగా మాటాడమన్నారు? నాకు మాటలు రావనే గదా పద్దెనిమిది ఎట్టుకున్నాను. ఆ అంకె దేనికి రాయమన్నారు సార్?”

తప్పు నాదని అప్పుడే ఒప్పుకుంటే పోయేది. “ఇంటర్వ్యూలో పాచికలుండవు కరుణా. భాష మార్చుకుంటే నీకే మంచిది,” అన్నాను. ఆమె సరే సార్ అని, షీటు బల్ల మీద వదిలేసి వెళ్లిపోయింది.

అంతలో అమ్మ ఫోన్ చేసింది. మాది భావనపాడు, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ల ఊరు. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఫోన్ క్లాసు గదిలో ఎత్తలేదు. అలవాటుగా మెట్ల దగ్గరికి వెళ్లి, “ఏటమ్మా, సెప్పు. తినీసినాను. నాన్న వేటకెళ్లి వచ్చీసినాడా?” అంటున్నాను. కింది మెట్టు మీద చెప్పులు వేసుకుంటున్న కరుణ తలెత్తి చూసింది. నేను వెంటనే గొంతు తగ్గించాను. ఆ తగ్గించడం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

తిరిగొచ్చి షీటు చదివాను. చదవాల్సింది ఆటకు ముందే. ‘వచ్చిన భాషలు’ అన్నచోట గుండ్రటి అక్షరాలతో ‘మా ఊరి మాట, కోట మాట’ అని ఉంది. రెండోదాని కోసం తన పాయింట్లు రెండు వదులుకుంది. అంటే ఆట లెక్కన ఆమె నోట ఏ మాట వచ్చినా కాపలావాడికి కోట మాటగానే వినపడాలి. ఆ పాత్రకు రానిదేమీ లేదు. అడ్డుపడింది నేను.

కరుణ మళ్లీ ఆటకు రాలేదు. ఇప్పుడు నా పద్ధతి వేరు. ఏం చెప్పదలచుకున్నారో మీకు వచ్చినట్టు చెప్పండి అంటాను. కారణం బాగుంటే పని కాస్త తేలిక చేస్తాను. అది ఎదుటివాడికి ఎలా వినపడిందన్నది పాచిక, కాగితం మీది అంకె తేలుస్తాయి. నా చెవులకు అందులో పనిలేదు.

ఆ శనివారం గడిచిన నెలకు లైబ్రరీ ముందు ఆమె కనబడితే పిలిచాను. తప్పు నాదేనమ్మా అని మా ఊరి మాటలోనే చెప్పాలని ఆ నెలంతా అనుకుంటూనే ఉన్నాను.

“చెప్పండి సార్,” అంది.

ఆ ‘చ’ను నొక్కిపట్టి, ఎక్కడా ‘స’లోకి జారిపోకుండా పలికింది. నా క్లాసులో ఆమె నేర్చుకున్నది ఆ ఒక్క అక్షరమే.