ధైర్యం చెప్పే రాజుగారు

జబ్బు తగిలి ఎవరి రొయ్యల చెరువు పోయినా, ఆ ఇంటికి ముందు వెళ్ళేది కాశీవిశ్వనాథరాజుగారే. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, "పోయింది చెరువేగానండి, మీరున్నారు కదా" అనేవారు. ఆ మాటతో అవతలివాళ్ళు లేచి అన్నం తినేవారు. ధైర్యం చెప్పడంలో భీమవరం చుట్టుపక్కల ఆయన్ని మించినవారు లేరని పేరు. పేరు మంచిదే, కానీ చొక్కాలాగా విప్పి దండెం మీద వేయడానికి వీలుండదు.

రెండేళ్ళ క్రితం ఆయన లివరు గట్టిపడిపోయిందని తేలింది. ఎప్పుడో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ చేసిన పని. చుక్క ముట్టని మనిషి. అయినా 'చాటుగా తాగుంటార్లే' అని ఊరు తీర్మానించేసింది. ఊరికి తీర్మానాలంటే సరదా. ఆయన వీధిలోకి వెళ్ళడం మానేశారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు పరామర్శ రెండు ముక్కల్లో ముగించి తమ గోడు మొదలెట్టేవారు. ఆయన ఉబ్బిన పొట్ట మీద చెయ్యేసుకుని వాళ్ళకే ధైర్యం చెప్పేవారు. వాళ్ళటు వెళ్ళగానే గుండె దడదడలాడేది, ఊపిరాడేది కాదు, ఇక ఇంతేననిపించేది. భార్య నాగవల్లికి చెబుదామంటే నోరు పెగిలేది కాదు. ఆవిడ కూడా ఆయన ధైర్యం మీదే బతుకుతోంది మరి.

రాజమండ్రిలో డాక్టరు అడిగితే జవాబు నాగవల్లే చెప్పేది.

"నిద్ర పడుతోందాండి?"

"శుభ్రంగా పడుతుందండి. ఆయన దేనికీ బెదరరండి."

రాజుగారు పక్కన కూర్చుని తలూపేవారు.

మొన్న చూపించుకుని బయటికొస్తుంటే, వరండా బెంచీ మీద చిట్టియ్య అనే రైతు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "ఈయనకి లివరు జబ్బంటండి, ఇందాకే చెప్పారు. ఎవరి మాటా వినట్లేదండి," అంది అతని భార్య.

నాగవల్లికి జాలేసింది. "మా ఆయనకీ అదేనమ్మా, ఎంత నిబ్బరంగా ఉన్నారో చూడు," అని, "మీరు రెండు ముక్కలు చెప్పండి," అంటూ రాజుగారిని ముందుకు పంపింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. అలవాటైన మాటలు నోటిదాకా వచ్చాయి.

చిట్టియ్య తలెత్తి చూశాడు. "మీకు భయమెయ్యదాండి?"

ఈ రెండేళ్ళలో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"వేస్తుందండి," అన్నారు రాజుగారు. "రోజూ వేస్తుంది. పడుకుంటే మళ్ళీ లేవనేమోనని పడుకోను."

"ఎన్నాళ్ళ నుంచండి?" అంది నాగవల్లి.

ఆవిడ వంక చూడ్డానికి ఆయనకు మొహం చెల్లలేదు.

"మొదట్నించీనే."

నాగవల్లి వెనక్కి తిరిగి, డాక్టరు గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.