మా పిల్లికి కూడ నీసు బంద్

ఇప్పటికీ ఎవరన్న నా ముందట పిల్లికి పాలు పోసి మురిసిపోతే నాకు ఒళ్లు మండుతది. పుణ్యమట. ఆ పుణ్యమేందో మా ఇంట్ల ఏడాది పొడుగూత చూసిన.

సూరత్‌ల బమ్రోలి దిక్కు ఒక బిల్డింగుల నాలుగో అంతస్తుల ఉంటం. మా ఆయన బట్ట నేసే సాంచాలు నడుపుతడు. ఆయన పనిచేసే షెడ్డును ఈడ ఖాతా అంటరు. అండ్ల ఎలుకలు నూలు కొరుకుతయని పెంచిన పిల్లి అది, బూడిద రంగుది. మొదటి లాక్‌డౌన్‌ల సాంచాలు ఆగి ఖాతాకు తాళం పడ్డది. లోపలుంటే సస్తదని మా ఆయన దాన్ని సంకల పెట్టుకొని ఇంటికి తెచ్చిండు. వచ్చిన పొద్దే నా ఒళ్లె పండుకున్నది. గడప దాటరాని ఆ రోజుల్ల దాంతోనే నా మనసు నిలిచింది.

ఆ వారంలనే మా అత్త ఎంకన్నకు మొక్కింది, ఈ మాయదారి రోగం పోయేదాక ఇంట్ల నీసు ముట్టమని. మొక్కుకో, నేనేమన్న అన్ననా? మటన్ లేక నేనేం సచ్చిపోలే. కానీ పిల్లిని కూడ ఆ మొక్కుల కలిపింది. ఇంట్ల తినే ప్రతి నోరూ లెక్కేనట. పాలల్ల రొట్టె తుంపేసి పెట్టేది, పెరుగన్నం పెట్టేది, శనివారం వస్తే దాని నొసటికి బొట్టు గూడ పెట్టేది. అది వాసన చూసి మొఖం తిప్పుకుంటే, అలవాటైతది తియ్ అనేది.

సాంచాలు మల్ల నడిచినంక దాన్ని ఖాతాకు తీసుకపొమ్మన్న, ఎలుకలన్న తిని బతుకుతదని. అత్త వద్దన్నది. ఎలుక కూడ నీసేనట, అది తిన్నా మొక్కు చెడుతదట. తలుపుకు గొళ్లెం పెట్టింది. మా ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషైతే నాకీ బాధెందుకు.

పాలు తాగీ తాగీ దానికి పారుడు పట్టింది, బొచ్చు రాలింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి హిందీల నా గోస చెప్పుకున్న. ఆయన నన్నే తిట్టిండు. పిల్లి ఆవు కాదమ్మా, మాంసం లేకుంటే దాని కండ్లు పోతయి, గుండె పాడైతది అన్నడు. పాలు బంద్ చేసి, ఉత్త నీళ్లల్ల ఉడికించిన కోడి ముక్కలు, ముండ్లు తీసిన చేప, ఉడికిన గుడ్డు పెట్టమన్నడు. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ తగలనియ్యొద్దన్నడు. అంతా అత్తకు చెప్పిన. ఆ డాక్టరుకు దేవుడంటే భయం లేదన్నది.

ఇగ నేనే ఉపాయం చేసిన. కింద అంతస్తుల ఉండే ఒరిస్సా ఆమెను బతిమిలాడి, ఆమె పొయ్యి మీద చేప ఉడికించి, మెట్ల మీద దొంగలెక్క తినిపిస్తుంటి. అది గుటుక్కు గుటుక్కున మింగుతుంటే నా కడుపు నిండేది. కొద్దిరోజులకే అత్త పసిగట్టింది, చేప వాసన దాగుతదా మరి. ఆ పొద్దు నుంచి పిల్లిని తన మంచం కోడుకు తాడుతోటి కట్టేసుకున్నది. ఎంత మొత్తుకున్నా ఇప్పలే.

రెండోసారి రోగం ఊరంత కమ్మినప్పుడు మా ఆయనకు జెరమొచ్చింది. జెరం తగ్గినా లేవలేకపోయిండు. బలానికి గుడ్లు పెట్టమని ఆయనను చూసిన డాక్టరు చెప్పిండు. అంతే, మా అత్త గుడ్లు తెప్పించింది. తన చేతులతోనే ఉడకపెట్టి, పెంకు తీసి, కొడుకు నోట్ల పెట్టింది. అప్పటికి పిల్లికి కండ్లు కనపడుతలేవు. తాడు పొడుగుకు లేచి గోడకు తల తాకిచ్చుకొని మల్ల కూలబడుతుంది. అది చూసి నాకు నెత్తురు మసిలింది.

"అత్తమ్మా, మొక్కేమైంది?" అని అడిగిన.

"ఇది మందు. మందుకు మొక్కు అడ్డం రాదు" అన్నది, నా మొఖం చూడకుంటనే.

"మరి గా మందు దానికెందుకు లేదు?"

మా ఆయన పళ్లెంలకెళ్లి గుడ్డు తీసుకున్న, కత్తిపీట తెచ్చి తాడు కోసేసిన. పిల్లిని ఒళ్లె ఏసుకొని, పచ్చసొన నలిపి మూతికాడ పెట్టిన. వాసన పట్టింది, నాలుక బయటపెట్టింది, ఇంత నాకింది. మింగుదామని సూసింది, దాంతోటి కాలే. మల్లొక్కసారి పెట్టిన, నోట్లకెళ్లి జారి నా చీర మీద పడ్డది. పొద్దుగూకకముందే నా ఒళ్లెనే పాణం ఇడిసింది.

మా అత్త ఏడ్వలేదనను. ఏడ్చింది. ఏడ్చుకుంటనే ఫోన్‌ల చుట్టాలందరికి చెప్పింది, నా కొడుకు గండం పిల్లి మీదికెళ్లి పోయింది, ఎంకన్న నా మొక్కు విన్నడని. మా ఆయన మంచంల పండుకునే రెండు చేతులు జోడించిండు. ఇప్పటికీ మా ఇంటికి ఎవరొచ్చినా ఆ ముచ్చట నడుస్తది, ఎంత పుణ్యాత్మురాలో ఆ పిల్లి అని. నేను చాయ్ గ్లాసులు కింద పెట్టి అందరి ముందట అంటా: గండం లేదు గిండం లేదు, దాన్ని ఆకలికి మాడ్చి సంపిండ్రు.