జంక్షన్ ఎస్తేరమ్మ మేడం

ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలితే ఎవరైనా దగ్గుతారు. నాకు దగ్గుతో పాటు నవ్వు కూడా వస్తుంది. ఈ వేసవిలో పెనుకొండలో మేము పిల్లలకు ప్రసంగ శిక్షణ నడుపుతున్న హాలు పక్క మిద్దె మీద ఎవరో మిరపకాయలు ఆరబోశారు. మధ్యాహ్నం గాలి తిరిగేసరికి, నాయకత్వం అంటే ఏమిటో మహా గంభీరంగా చెబుతున్న నేను ఖళ్ళు ఖళ్ళుమని దగ్గడం మొదలుపెట్టాను. పిల్లలూ అందుకున్నారు. ముందు వరుసలో ఒక పిల్ల దగ్గు ఆపుకోలేక కళ్ళనీళ్ళ పర్యంతమై "సారీ మేడం" అంది. "దగ్గొస్తే దగ్గాల. దానికి సారీ యెందుకు?" అన్నాను. ఆ మాట నాది కాదు. హిందూపురంలో మిరపకాయల మార్కెట్ వెనక ఒక రేకుల హాలులో ఎస్తేరమ్మ మేడం నాతో అన్న మొట్టమొదటి మాట అది. ఆవిడ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడను ఎరగనివాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలని ఆ పూటే అనిపించింది.

ఎస్తేరమ్మ మేడం పంతులమ్మ కాదు. ధర్మవరం జంక్షన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇప్పుడా పని యంత్రం చేస్తోంది. రిటైరయ్యాక సొంతూరు హిందూపురం వచ్చి, చర్చి వాళ్ళిచ్చిన హాలులో ఎండాకాలం సెలవులకు పిల్లలను చేరదీసి, సభలో మాట్లాడడం, పదిమందిని వెంట నడిపించడం నేర్పేవారు. పొట్టిగా, సన్నగా ఉండే ఆ మనిషిని బజారులో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆవిడ నోరు విప్పితే మాత్రం అందరూ గిరుక్కున తిరిగేవారు. "ఏమ్మా, బెంగుళూరు ప్యాసింజరు ఈ పొద్దు లేటా?" అని ఒక కూరగాయల ఆమె అడగడం నేనే విన్నాను. "లేటే. ముందు నా వంకాయలు తూకమెయ్యి" అన్నారు మేడం.

నేను ఆవిడ దగ్గరికి చేరింది మా అత్త పుణ్యాన. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. పదో తరగతి పరీక్షలు రాసి, హిందూపురంలో ఉన్న మా మేనత్త ఇంటికి వచ్చాను. నాకు ఇంటర్ చదవాలని ఉంది. నాయన మాత్రం ఇక చాలన్నాడు. ఆయన కఠినుడు కాడు. రెండు రంగుల అంచు చీర నేయాలంటే నేతగాడి పక్కన ఇంకొకరు కూర్చుని, అంచు రంగు దారం చుట్టిన నాడె అటూ ఇటూ విసరాలి. అమ్మకు చూపు మందగించింది. మిగిలింది నేను. ఆ దిగులుతో మూలన కూర్చుని ఉంటే చూడలేక, "ఈడ ముక్కు చీదుకుంటా కూచునేదానికన్నా ఆ మేడం కాడికన్నా పో" అని అత్త తరిమింది.

మొదటి రోజు గుడిబండ నుంచి వచ్చిన ఇంతియాజ్ అనే అబ్బాయి లేచాడు. బడిలో ప్రైజులు కొట్టినవాడు. ఛాతీ విరుచుకుని, "వేదికను అలంకరించిన పెద్దలకు, గౌరవనీయులైన అధ్యక్షులవారికి, పూజ్యులైన గురువులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు..." అని మొదలుపెట్టాడు. మన పిల్లలందరికీ ఉన్న జబ్బే అది. నమస్కారాలు పెట్టీ పెట్టీ అసలు మాటకు వచ్చేసరికి వినేవాడు ఆవులిస్తుంటాడు. వాడింకా విద్యార్థినీ విద్యార్థుల దగ్గర ఉండగానే, "బండి పాయప్పా!" అన్నారు మేడం. వాడు తెల్లమొహం వేశాడు. "ప్లాట్‌ఫారం మీద మూట నెత్తిన పెట్టుకోని ఒగ ముసలామె నిలబడి ఉంటాది. ఆమెకి నీ దండాలతో పని లేదు. తన బండి యాడికొస్తాదో కావల్ల. అది ముందు చెప్పు. దండాలు తర్వాత పెట్టుకో" అన్నారు. ఆనాటి నుంచి ఎవరు సుత్తి కొట్టినా "బండి పాయ" అని హాలంతా అరిచేది.

నా జబ్బు వేరే. నోరు తెరిస్తే అరుపే. మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడడం ఎలా వస్తుంది? నేను రెండు ముక్కలు మాట్లాడేసరికి ముందు వరుస చెవులు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. మేడం నవ్వారు. "మగ్గాలింటి బిడ్డవా? గొంతు దాచుకోవద్దు పాపా. ఎవురికి చెప్తాండావో వాళ్ళ మొగం చూడు. గొంతు తనే సర్దుకుంటాది." అంతే. ఊపిరి బిగబట్టు, చెయ్యి ఇలా తిప్పు, అద్దం ముందు నిలబడు లాంటి విద్యలేవీ ఆవిడకు లేవు.

ఒకనాడు పొద్దున్నే మమ్మల్ని పెనుకొండ కొండకు తీసుకొచ్చారు. రోజుకొకరిని గుంపుకు పెద్దగా పెట్టేవారు. ఆ పొద్దు పెద్దరికం ఇంతియాజ్‌ది. వాడు జెండా పట్టిన సేనాపతిలా ముందు ముందు ఎక్కిపోయాడు. సగం కొండ దగ్గర ఒక పిల్ల చెప్పు తెగి వెనకబడింది. మేడం ఆ పిల్ల పక్కన రాతి మీద కూలబడి, "నాకూ కాళ్ళు నొస్తాండాయి" అని కదలలేదు. పైన ఇంతియాజ్ చాలాసేపు చేతులూపి, చివరకు చెమటలు కక్కుతూ దిగివచ్చాడు. "దోవ నేను చూపిస్తాండా గదా మేడం!" అన్నాడు ఉక్రోషంగా. "చూపించినావు. ఎవురు మిగిలిపోయిరో చూసేది ఎవురు మరి?" అన్నారావిడ. వాడు తన చెప్పులు విడిచి ఆ పిల్లకిచ్చి, అందరికన్నా వెనక నడిచాడు. రాళ్ళు కాలుతుంటే కోతిలా గెంతుతూ వచ్చాడనుకోండి. నవ్వలేక చచ్చాం.

సెలవులు అయిపోవచ్చాయి. మగ్గం మీదికి కొత్త సరుకు ఎక్కించబోతున్నానని, పిల్లను పంపమని నాయన కబురు పెట్టాడు. ఇప్పుడు వెళ్ళి మగ్గం దగ్గర కూర్చుంటే ఇక లేచేది లేదని నాకు తెలుసు. మేడం దగ్గరికి పరుగెత్తి, "మీరొచ్చి మా నాయనకు చెప్పండి మేడం. మీరు చెప్తే వింటాడు" అని ఏడ్చాను. "నేను చెప్పను" అన్నారు. నిజంగా కోపం వచ్చింది. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, చేతులు మగ్గం నేస్తున్నట్టు ఆడిస్తూ, "నేనే మీ నాయన. చెప్పు" అన్నారు, నా వైపు చూడకుండా.

నాకు వచ్చిన మార్కుల గురించి మొదలుపెట్టాను. "బండి పాయ." నా ఆశ గురించి చెప్పాను. "బండి పాయ." ఏడ్చాను. "ఏడుపుకి బండ్లు ఎప్పుడూ నిలబళ్ళేదు" అన్నారు. తర్వాత మెల్లగా అడిగారు. "నువ్వు చదవబోతే మీ నాయనకి ఏమి కష్టం?"

"అంచు నాడెకి మనిషి ఉండదు."

"ఆ మాట యాడ పెట్టినావు?"

ఎక్కడా పెట్టలేదు. నా బాధ చెప్పుకునే హడావిడిలో ఆయన బాధ నాకు గుర్తే రాలేదు. మేడం అంతకుమించి ఏమీ చెప్పలేదు. మరునాడు నాతో పాటు ప్యాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగి, ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నారు. "నేను ఈడే ఉంటా. చెప్పి రాపో."

నేను నేరుగా ఇంటికి వెళ్ళలేదు. మా వీధి చివర లక్ష్మక్క ఇంటికి వెళ్ళాను. వాళ్ళ మగ్గం ఆగిపోయి, పని తెలిసిన చేతులతో ఆమె ఊరికే కూర్చుని ఉంది. మా నాయన పక్కన కూర్చుని అంచు నాడె విసరడానికి వస్తావా అని అడిగితే, "పిలిచేవాళ్ళు లేకనే గదమ్మా" అంది. అప్పుడు ఇంటికి వెళ్ళాను. నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. తలెత్తలేదు. నేను ఆయన ఎదుటికి వెళ్ళి, ఆయన మొహం చూస్తూ, "నాయనా, అంచుకి మనిషిని చూసుకోని వచ్చినా. లక్ష్మక్క వస్తానంది. సెలవులొస్తే నేనొచ్చి కూచుంటా. నన్ను ఇంటర్‌కి పంపించు" అన్నాను. మగ్గం చప్పుడు మీదుగానే చెప్పాను, అరవకుండానే. చప్పుడు ఆగింది.

"ఇట్ల మాట్లాడేది ఎవురు నేర్పించిరి?" అన్నాడు.

"ఒగ మేడం. స్టేషన్లో కూచోని ఉండాది."

నాయన గుంటలోంచి లేచి, చొక్కా తగిలించుకుని స్టేషనుకు నడిచాడు. తిడతాడేమోనని భయపడుతూ వెనకే నడిచాను. బెంచీ మీద మేడం పాత స్నేహితులతో టీ తాగుతూ "రాప్పా" అన్నారో లేదో, నాయన నిలబడిపోయాడు. "మీరేనా! మీ గొంతు ఇని చీరల మూట ఎత్తుకోని ఎన్ని తూర్లు ఉరికింటానో!" అన్నాడు. తర్వాత చేతులు కట్టుకుని, "అమ్మా, బిడ్డను పంపిస్తా. హిందూపురంలో వాళ్ళత్త ఇంట్లో ఉంటాది. బాగా చదువుతాదా? మధ్యలో వదిలిపెట్టి రాదు గదా?" అని అడిగాడు.

"నన్నెందుకు అడుగుతావప్పా? ఆడ నిలబడి ఉండాది గదా నీ బిడ్డ. ఆమెనే అడుగు" అన్నారు మేడం.

నాయన నా వైపు తిరిగాడు. అప్పటిదాకా నాయన నాకు చెప్పడమే గానీ నన్ను అడిగింది లేదు. ఏ చీర కట్టాలో, ఏ పూట మగ్గం ఎక్కాలో అంతా చెప్పడమే. ఆ రోజు, అంతమంది జనంలో, మొహమాటపడుతూ, "ఏమ్మా, చదువుతావా?" అని అడిగి, జవాబు కోసం నిలబడ్డాడు. అంత నేర్చుకుని కూడా తల ఊపడమే చేతనైంది. ఇద్దరూ ఓపికగా నన్నే చూస్తూ ఉన్నారు, "చదువుతా నాయనా" అనేదాకా.

చదువు దొరకడం ఒక ఎత్తు, నాయన నన్ను అడగడం ఒక ఎత్తు. ఆ తర్వాత ఇంట్లో ఏ పని తలపెట్టినా "పాపను అడగండి" అనడం ఆయనకు అలవాటైపోయింది. ఎస్తేరమ్మ మేడం నాకు మాట్లాడడం నేర్పారని అందరూ అంటారు. నేర్పారు, కాదనను. నేను మాత్రం పిల్లల ముందు నిలబడినప్పుడల్లా, వెనక వరుసలో నోరు విప్పని పిల్లను వెతికి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగి ఊరుకుంటాను. తక్కినవాళ్ళు గునుస్తారు, గడియారం చూస్తారు. నేను ఆ పిల్ల పలికేదాకా ఆగుతాను.